పల్జోర్ దాటని మంచువాలు

హిమాలయాల్లోని లాహౌల్ లోయలో పల్జోర్ అనే గొర్రెల కాపరి ఉండేవాడు. మనసు మంచిదే కానీ, ముందుకు వేసిన అడుగు వెనక్కి తీసుకోవడమంటే అతనికి ప్రాణం పోయినట్టుండేది.

అతని కూతురు ఛిమే కొండకు అవతలి ఊళ్ళో కాపురం చేస్తుండేది. ఆ శీతాకాలం ఆమెకు నెలలు నిండాయి. మూడు రోజులు ఎడతెరిపి లేకుండా మంచు కురిసింది. నాలుగో రోజంతా ఈదురుగాలి వీచింది. ఐదో రోజు పొద్దున ఎండ కాయగానే పల్జోర్ నెయ్యి డబ్బా, బార్లీ పిండి మూటగట్టి వీపున వేసుకున్నాడు. భార్య డిస్కిత్ చెక్కపార భుజాన పెట్టుకుని వెంట నడిచింది.

మధ్యాహ్నానికి పెద్ద మంచువాలు దగ్గరికి చేరారు. అది ఇంటి కప్పులా ఏటవాలుగా, తెల్లగా మెరుస్తోంది. అడ్డంగా దాటితే గంటలో కూతురి ఊరు. లేదంటే కిందికి దిగి, ఏటి ఒడ్డున చుట్టూ తిరిగి రెండు రోజులు నడవాలి.

మంచు పట్టు ఎలా ఉందో చూడటానికి డిస్కిత్ వాలు అంచున నడుములోతు గొయ్యి తవ్వింది. చేతి తొడుగు తీసి, గొయ్యి గోడను పైనుంచి కిందికి తడిమింది. పైపొర పలకలా గట్టిగా ఉంది. దాని కింది మంచు పంచదారలా పొడిపొడిగా వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది.

"చూడండి, గాలి తెచ్చి పోసిందంతా పైన గట్టిపడింది. కింద దానికి పట్టు లేదు. కాలు పెడితే మొత్తం జారుతుంది," అంది.

"నలభై ఏళ్ళుగా ఈ దారిన తిరుగుతున్నాను. నాకే చెబుతున్నావా?" అంటూ పల్జోర్ ఒక అడుగు ముందుకు వేశాడు. కాలి కింద మంచు 'ధబ్'మని కుంగింది. అయినా కాలు తీయలేదు.

"అక్కడ పిల్ల నొప్పులు పడుతుంటే ఇక్కడ గోతులు తవ్వుకుంటూ కూర్చోనా?" అని కసిరాడు.

డిస్కిత్ వాదించలేదు. చెయ్యి చాచి, అతని వీపు మీది మూట ముడి వదులు చేసింది.

"సరే, వెళ్ళండి. మంచు లాగితే ఈ మూట విసిరేయండి, లేదంటే బరువుకు లోపలికి కూరుకుపోతారు. నేనిక్కడే నిలబడి మిమ్మల్నే చూస్తుంటాను. ఎక్కడ తవ్వాలో నాకు తెలియాలి కదా," అంది.

గొంతు నిలకడగా ఉంది. పారను రెండు చేతులా బిగించి పట్టుకుని వాలు అంచున నిలబడింది.

పల్జోర్ ఆ చేతుల వంక చూశాడు. ఆ తెల్లటి వాలు మీద ఆమె ఒంటరిగా తన కోసం తవ్వుతున్నట్టు కళ్ళకు కట్టింది. మెల్లగా కాలు వెనక్కి తీశాడు.

"పద, ఏటి దారినే పోదాం," అన్నాడు.

రెండు రోజులు మోకాటిలోతు మంచులో నడిచారు. దారి పొడవునా పల్జోర్ సణుగుతూనే ఉన్నాడు. చేరేసరికి బిడ్డ పుట్టి ఒక రోజు గడిచింది. పైగా ఆ ఇంటి వాకిట్లోంచి చూస్తే, మంచువాలు చెక్కుచెదరకుండా కనిపించింది.

"చూశావా, కూలనే లేదు!" అన్నాడు ఉక్రోషంగా.

"కూలలేదు. దాని మీద మనం నడవలేదు కదా," అంది డిస్కిత్.

లోపల ఛిమే తండ్రిని చూడగానే బావురుమంది.

"ఆలస్యమైపోయింది తల్లీ," అన్నాడు పల్జోర్ తలవంచుకుని.

"ఆలస్యమైతేనేం నాన్నా! నొప్పులు పడుతున్నంతసేపూ నాకు నీ గురించే బెంగ. తొందరపడి ఆ వాలు మీదుగా వస్తావేమోనని. ఎన్ని రోజులైనా సరే, నువ్వు చుట్టూ తిరిగి రావాలని మొక్కుకున్నాను," అంది కళ్ళు తుడుచుకుంటూ.

పల్జోర్ పసిదాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. తర్వాత భార్య వైపు తిరిగి, "ఇకనుంచి గొయ్యి నేను తవ్వుతాను. చూసి చెప్పాల్సింది నువ్వు. నువ్వు వద్దంటే వద్దు," అన్నాడు.

నీతి: ప్రమాదాన్ని గుర్తించి వెనుదిరగడం ఓటమి కాదు, మన కోసం ఎదురుచూసేవాళ్ళకు మనం త్వరగా రావడం కన్నా క్షేమంగా రావడమే ముఖ్యం.