కుండెడు నీళ్ళకు లేచిన పొగలమ్మ

మొగపేట చేరాలంటే పెద్దరోడ్డు మీద బస్సు దిగి, జీడితోటల మధ్య నుంచి ఆటోలో రావాలి. తోటలు అయిపోయాక ఇసుక, ఇసుక చివర సముద్రం, ఆ సముద్రంలో చిన్న ఏరు కలిసే మొగ. మొగకు ఉత్తరాన ఉన్న ఎత్తయిన దిబ్బ మీద, నాలుగు స్తంభాల రేకుల పందిరి కింద పొగలమ్మ కొలువై ఉంది. గోపురం కోసం వెతకవద్దు, లేదు. విగ్రహం కోసమూ వెతకవద్దు. మసిబారిన మూడు పొయ్యిరాళ్ళే అమ్మ. వాటికి పసుపు పూయరు, కుంకుమ పెట్టరు. భక్తులే ఆ రాళ్ళ మీద వేలు రాసి, అంటిన మసిని నొసట బొట్టుగా పెట్టుకుంటారు. కొత్తచీర కట్టుకుని వచ్చినవారు కాస్త ఒద్దికగా నిలబడాలి. తర్వాత మమ్మల్ని అని లాభం లేదు.

పట్నం నుంచి వచ్చిన ఒక పండితుడు ఈమె ధూమావతీ దేవి అంశ అని, శ్లోకాలు ఇవి అని చెప్పి, సంభావన పుచ్చుకుని వెళ్ళారు. వారి మాట వారిది. మా వాడ ఆడవాళ్ళకు మాత్రం ఈమె గౌరీసే.

దేశదేశాల చరిత్రలు తిరగేస్తే గొప్ప స్త్రీలు కనబడకపోరు. ఒకరు గుర్రమెక్కి కత్తి దూశారు, ఒకరు సింహాసనమెక్కి రాజ్యమేలారు, ఒకరు చుక్కల నడక లెక్కగట్టారు, ఒకరు రోగుల మంచాల మధ్య దీపం పట్టుకు తిరిగారు. అందరికీ దండం. పొయ్యి రాజేసిన నేరానికి ఊరందరి చేతా తిట్లు తిని, ఆ పొయ్యితోనే ఊరి మగవాళ్ళను బతికించిన స్త్రీ ఏ దేశపు పుస్తకంలో ఉందో చూపించండి. చూపించలేకపోతే నీడన కూర్చుని ఈ కథ వినండి.

పూర్వం ఇక్కడ, దీపస్తంభాలూ రేడియోలూ లేని కాలంలో, ఈ దిబ్బ మీద దట్టమైన తాటితోపు ఉండేది. వేటకు వెళ్ళిన నావలకు అదే గురుతు. మొగకు అటూ ఇటూ నీటి కింద రాళ్ళు బారుగా ఉన్నాయి. తోపుకు సూటిగా వస్తే నావ మొగలో పడుతుంది, కాస్త పక్కకు ఒరిగితే రాళ్ళ మీద పడుతుంది. మంచు కమ్మి తోపు కనబడని రోజుల్లో తెల్లవారే వేళకు వాడలోని పొయ్యిల పొగ ఆదుకునేది. కొండగాలి ఆ పొగను సముద్రం మీదికి తోసేది. మగవాళ్ళు దాని వాసన పట్టుకుని ఇళ్ళకు వచ్చేవారు.

ఆ వాడలో ఎర్రయ్య అనే జాలరి భార్య గౌరీసు. ఆమె నోటికి జడిసి కాకులు కూడా ఎండుచేపల మీద వాలేవి కావని చెప్పుకునేవారు. నోరు గలదన్న పేరు ఆడదానికి ఊరికే వస్తుంది, రెండు నిజాలు చెబితే చాలు. వంటగత్తె అన్న పేరు మాత్రం ఆమె కష్టపడి సంపాదించుకుంది. పొయ్యి ముట్టించిందంటే ఎండిన పుల్లలు ఏరి ఏరి పెట్టి, ఇంట్లోవాళ్ళ కంటికి పొగ తగలనిచ్చేది కాదు. ఆ ఒక్క విషయంలో ఆమె అత్త పోలమ్మ కూడా కోడలిని మెచ్చుకునేది, అదీ కోడలు లేనప్పుడు.

ఒక కార్తీకంలో వాడలోని నావలన్నీ కోనెం చేపల వేటకు దూరం వెళ్ళాయి. ఎర్రయ్య వెళ్ళాడు. కులపెద్ద సూరాడ బండయ్య ఒక్కగానొక్క కొడుకూ వెళ్ళాడు. వెనకనే తుపాను వచ్చింది. గాలి తగ్గేసరికి వాడలో ఒక్క ఇంటికీ కప్పు లేదు, దిబ్బ మీద ఒక్క తాడిచెట్టూ నిలబడి లేదు. నావలు తిరిగి రాలేదు.

ఒడ్డున నిలబడి చూసి చూసి కళ్ళు కాయలు కాచాక, గంగమ్మ తల్లి వాళ్ళను తీసుకుందని బండయ్య తేల్చాడు. అప్పటి కట్టుబాటు ప్రకారం, సముద్రం మనుషులను తీసుకుపోతే కర్మ జరిగేవరకు వాడ మొత్తంలో ఎవరూ పొయ్యి రాజేయకూడదు, ఒడ్డుకు పోయి నీళ్ళ వైపు చూడకూడదు. అవతలి రైతుల ఊరి నుంచి బంధువులు కూడు తెచ్చిపెట్టేవారు. కర్మకు రోజు నిర్ణయమైంది. ఆ ఉదయమే నావల్లో వెళ్ళినవారి భార్యలందరికీ గాజులు తీయించాలి.

గౌరీసుకు ఏడుపు రాలేదు. రానందుకూ మాట పడింది. శవం చూపించండి, గాజులు నేనే పగలగొట్టుకుంటానని మొదట్లో ఎదురు తిరిగింది. కానీ పోలమ్మ ఆమె చేతులు పట్టుకుని, కర్మ జరగకపోతే నా కొడుకు నీళ్ళ మీద దిక్కులేక తిరుగుతాడే అని గోడుగోడున ఏడ్చింది. ఊరందరి నోరూ మూయించగల గౌరీసు ఆ ఒక్క మాటకు తల వంచింది. కర్మనాడు గాజులు తీయించుకుంటానని అత్తకు మాట ఇచ్చింది.

కర్మకు ముందునాడు తెల్లవారుతూనే ఆమె కట్టుబాటు దాటి ఒడ్డుకు వెళ్ళింది. కలలో గంగమ్మ కనబడి రమ్మని పిలిచిందని కొందరు చెబుతారు. ఆ ఇంట్లో ఎవరు నిద్రపోయారు గనుక కలలు రావడానికి? ఆమె వెళ్ళింది సముద్రంతో పోట్లాడటానికి. మొగలో నడుం లోతుకు దిగి, మనసులో ఉన్నదంతా కడిగేసింది. ఉప్పు కావాలంటే నీ దగ్గర లేదా, మా కన్నీళ్ళెందుకు నీకు అని అడిగింది. తిట్టి తిట్టి గొంతు పోయాక ఇంటికి పోదామని వెనక్కి తిరిగింది.

అప్పుడు చూసింది. నీళ్ళలో నిలబడి ఒడ్డు వైపు చూస్తే ఊరు లేదు. తోపు లేదు. కప్పులు లేవు. పొగ లేదు. ఎటు చూసినా ఒకే ఇసుక. కాళ్ళ కింద తన మొగే అని తెలియకపోతే ఆమె కూడా అది ఏ ఊరో చెప్పలేకపోయేది. మరి మంచులో, రాళ్ళకు భయపడుతూ, కోసుల దూరంలో ఉన్నవాడు ఎలా చెబుతాడు? వాళ్ళు చచ్చిపోయారని మనం పొయ్యిలు ఆర్పుకున్నాం. మనం పొయ్యిలు ఆర్పుకున్నాం గనుక వాళ్ళు రాలేకపోతున్నారేమో.

తడిచీరతోనే బండయ్య ఇంటికి పోయి, ఈ ఒక్కపూట వాడంతా పొయ్యిలు రాజేయించమని అడిగింది. బండయ్య చెడ్డవాడు కాడు. విన్నాడు.

"ఆశ పెట్టకే గౌరీసూ. మా ఇంటిదానికి నిన్ననే ఏడుపు ఆగినాది," అన్నాడు.

ఆమె అక్కడి నుంచి నేరుగా దిబ్బ మీదికి మూడు రాళ్ళు మోసుకుపోయింది. కూలిన ఇంటి అటక కింద తడవకుండా మిగిలిన పుల్లలు తెచ్చి పొయ్యి పెట్టింది. తుపానుకు ముందు కాచి పెట్టుకున్న చింతపండు గుజ్జు, రెండు ఎండుచేపలు ఉంటే పులుసు కూడా ఎక్కించింది. ఉత్త మంట పెట్టడం ఆమె చేతికి తెలియదు. కానీ చెయ్యి తిరిగిన ఇల్లాలు కదా, పొయ్యి మహా చక్కగా మండింది. ఎర్రటి మంట, ఘుమఘుమలాడే పులుసు, పొగ మాత్రం చారెడు కూడా లేదు. ఉన్నది కూడా దిబ్బ దాటకుండానే గాలిలో కలిసిపోయింది. జీవితమంతా పొగ రాకుండా వండటం నేర్చుకున్న మనిషికి, పొగ కావలసిన రోజున అది ఎలా రప్పించాలో తోచలేదు.

పులుసు వాసన మాత్రం వాడంతా పాకింది. ఆడవాళ్ళు దిబ్బ కింద పోగయ్యారు. మొగుడి కర్మ రేపు పెట్టుకుని ఈవేళ పులుసు కాచుకుంటోందే అని ఒకతె, రాత్రి కూడు చాలలేదేమో అని ఒకతె ఎత్తిపొడిచారు. పోలమ్మ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. మైల కట్టుబాటు చెడిందని, గంగమ్మ మిగిలినవాళ్ళనూ బతకనివ్వదని ఎవరో పోయి బండయ్యకు చెప్పారు. అతను ఏటి నుంచి కుండెడు నీళ్ళు నింపుకుని దిబ్బ ఎక్కాడు.

గౌరీసు పొయ్యికి అడ్డంగా నిలబడింది. "ఆర్పు మావా. ఆర్పేసి, నీ కొడుక్కి ఇల్లెటో నువ్వే కేకేసి సెప్పు," అంది.

బండయ్య ఆగలేదు. ఆమె పక్కనుంచి వంగి కుండెడు నీళ్ళూ పొయ్యిలో గుమ్మరించాడు.

బుస్సుమని తెల్లటి పొగ లేచింది. పులుసు చట్టి కనబడలేదు, గౌరీసు కనబడలేదు, బండయ్య తన చేతిలోని కుండే తనకు కనబడక దగ్గుతూ వెనక్కి నడిచాడు. పొగ తాడిచెట్టు ఎత్తుకు లేచి, కొండగాలి తగిలి, సముద్రం వైపు వాలింది. కింద ఉన్న ఆడవాళ్ళ నోళ్ళు ఠక్కున మూతపడ్డాయి.

పొగలోంచి గౌరీసు గొంతు వినిపించింది. "ఇంకో కుండ తే మావా."

మొదట కదిలింది పోలమ్మ. కూలిన తోపులోకి పోయి, తుపానుకు నానిన తాటిమట్ట ఒకటి ఈడ్చుకుంటూ దిబ్బ ఎక్కింది. కోడలి వైపు చూడకుండా దాన్ని నిప్పుల మీద పడేసింది. ఆ వెనక ఎత్తిపొడిచిన ఆడవాళ్ళే ముందుగా వచ్చారు. ఒకరు మట్టలు, ఒకరు నానిన కప్పుగడ్డి, ఒకరు ఒడ్డున పడ్డ నాచు తెచ్చి వేశారు. మంట పైకి లేవబోయినప్పుడల్లా బండయ్య కుండతో సిద్ధం. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి దిబ్బ మీద పొగ పాత తోపుకన్నా ఎత్తుగా, దట్టంగా నిలబడింది.

పొద్దు వాలుతుండగా మొగకు సూటిగా తెరచాప ఒకటి కనిపించింది. దాని వెనక మరొకటి. ఆడవాళ్ళు లెక్కపెట్టడానికి భయపడి కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి వెళ్ళిన నావలన్నీ మొగలోకి వస్తున్నాయి. మగవాళ్ళు వేగిరపడి, ఊపిరి అందకుండా తెడ్లు వేస్తున్నారు. పెదాలు పగిలి ఉన్నాయి, డొక్కలు అంటుకుపోయి ఉన్నాయి, అయినా వాలిపోయినవాళ్ళలా రాలేదు, తరుముకొస్తున్నవాళ్ళలా వచ్చారు. తెరచాపల్లో పట్టిన వాననీళ్ళు తాగి బతికారట. ఈ ఊరిముందు నుంచే అటొకసారి ఇటొకసారి పోయారట, ఊరని తెలియక.

ఎర్రయ్య నావ నేల తగలకముందే నీళ్ళలో దూకాడు. మసి మొహంతో ఎదురొచ్చిన మనిషి తన భార్యేనని గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది.

"వాడంతా తగలడిపోనాదనుకున్నాం గౌరీసూ," అన్నాడు.

"ఇల్లు తగలడితేగానీ ఇంటికి రావేటి నువ్వు?" అంది ఆమె. అప్పుడు వచ్చింది ఆమెకు ఏడుపు. వచ్చినది చాలాసేపు ఆగలేదు. పోలమ్మ కోడలిని, కొడుకుని కలిపి రెండు చేతులా చుట్టుకుని ఇసుకలో కూలబడింది. బండయ్య కొడుకు దిబ్బ ఎక్కి, కుండ పట్టుకుని నిలబడిపోయిన తండ్రిని చూసి, ఇదేటి అయ్యా మొహం ఇలాగుంది అని అడిగితే, పొగ అన్నాడట బండయ్య. కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ, పొగే అన్నాడట.

గౌరీసు నిండు ముసలితనం వరకు బతికింది. మనవల పెళ్ళిళ్ళు చేసింది, మనవరాళ్ళ అత్తలను అదుపులో పెట్టింది. అగ్నిలో దూకలేదు, నీటిలో కలిసిపోలేదు. దేవత కావడానికి ఆడది చావనక్కరలేదని ఈ దిబ్బ సాక్షి. ఆమె బతికి ఉండగానే వాడ ఆడవాళ్ళు ఆ మూడు రాళ్ళకు మొక్కడం మొదలుపెట్టారు. నన్నుంచుకుని రాళ్ళకు మొక్కుతారేమే అని ఆమె వాళ్ళనూ తిట్టేదట.

నేటికీ కార్తీక మాసపు ఆఖరి మంగళవారం నాడు ఈ రాళ్ళ మీద పొయ్యి రాజేసి, చేపల పులుసు కాచి అమ్మకు నైవేద్యం పెడతారు. పూజ అయ్యాక సూరాడవారి ఇంటి పెద్ద కుండెడు ఏటినీళ్ళు తెచ్చి పొయ్యిలో పోయాలి. పొగ లేచేవరకు పోస్తూనే ఉండాలి. పెద్ద చదువులు చదివి దూరదేశంలో ఉన్నా, ఆనాటికి ఆ ఇంటి మనిషి రాక తప్పదు.

ఇప్పుడు నావలకు ఇంజన్లు వచ్చాయి, జేబుల్లో ఫోన్లు వచ్చాయి. అయినా ఒక నావ చెప్పిన వేళకు రాకపోతే, సముద్రం ఒడ్డున ఫోన్లు మోగుతూనే ఉంటాయి, దిబ్బ మీద పొగ లేస్తూనే ఉంటుంది. ఆ పొగ లేచినంతకాలం పోయారన్న మాట మొగపేటలో ఎవరి నోటా రాదు. ఆ ఇంటి ఇల్లాలు తానుగా దిబ్బ దిగి వచ్చి చాలు అనేవరకు ఆమె గాజుల మీద కులపెద్దకూ అధికారం లేదు, అత్తకూ లేదు, శాస్త్రానికీ లేదు. చాలు అనవలసి వచ్చిన ఇళ్ళూ ఉన్నాయి. వారితో పాటు ఊరంతా దిబ్బ దిగుతుంది.

ఈ కథను దిబ్బ మీద కూర్చుని విన్నవారికి, ఇంట్లో దీపం పెట్టుకుని చదివినవారికి, దూరం వెళ్ళిన తమవారు క్షేమంగా తిరిగి వస్తారు. ఆలస్యంగా వస్తే గుమ్మంలోనే చీవాట్లు తింటారు, ఆ తర్వాతే అన్నం తింటారు. అలా చీవాట్లు పెట్టడానికి ఒక మనిషి, తినడానికి ఒక మనిషి ప్రతి ఇంటా నిండు నూరేళ్ళు ఉండేలా పొగలమ్మ చల్లగా చూచుగాక.