వంతు లేని ఎద్దు

ఎర్రవాగు ఎండిపోయి రెండు నెలలైంది. ఇసుకలో ఒక్క చెలమ మాత్రం మిగిలింది. ఎద్దు తల పట్టేంత గుంట అది. ఎంత తాగినా అడుగునుంచి మళ్ళీ ఊరేది, కాని చాలా నెమ్మదిగా. ఆ కాసిని నీళ్ళ మీదే మూడు గుంపులు బతుకుతున్నాయి. మంద నుంచి తప్పిపోయి కొండపట్టున ఉండిపోయిన గొర్రెలు, ఎదుటి గుట్ట మీది నెమళ్ళు, బండల సందుల్లో కాపురముండే ముళ్ళపందులు. ఏ గుంపులోనూ లేని ముసలి ఎద్దు ఒకటి ఉండేది. పేరు మైలడు.

ట్రాక్టరు కొన్నాక మైలణ్ణి అడవిదారి పట్టించారు. అంతకు ముందు అతను ముగ్గురు యజమానుల దగ్గర పనిచేశాడు. మొదటాయన పండగనాడు కొమ్ములకు పసుపు రాసి దండం పెట్టేవాడు. రెండో ఆయన శుక్రవారం నమాజుకు వెళ్ళొచ్చేదాకా బండి కట్టేవాడు కాదు. మూడో ఆయన దేవుడూ లేడు, దయ్యమూ లేదనేవాడు. ముగ్గురూ వేళకు మేత వేశారు. ముగ్గురూ అప్పుడప్పుడు చెర్నాకోల కూడా తీశారు. వీళ్ళలో ఎవరి మాట నిజమో మైలడికి ఎన్నడూ అంతుపట్టలేదు. దేవుడి ప్రస్తావన వస్తే చాలు, తల తిరిగినట్టయ్యేది.

ఇక్కడికొచ్చినా ఆ గోల తప్పలేదు. సూర్యుడి వెనక ఒక పెద్ద కాపరి ఉన్నాడని, ఆయన కళ్ళు కప్పి ఎవరూ ఏదీ చేయలేరని గొర్రెల పెద్ద తిప్పమ్మ చెప్పేది. కాపరి కాదు, మబ్బుల తల్లి ఉంది, మేము ఆడితేనే ఆమె కరుగుతుందని నెమళ్ళ పెద్ద సింగారయ్య అనేవాడు. ముళ్ళపంది బుడ్డయ్య ఇద్దరినీ కొట్టిపారేసేవాడు. నీళ్ళు ఊరితే తాగుతాం, ఊరకపోతే చస్తాం, మధ్యలో ఇంకెవరూ లేరనేవాడు. వాగు పారినన్నాళ్ళూ ఇవి కాలక్షేపం కబుర్లే. వాగు ఎండాక మాట పెళుసెక్కింది. ఎవరి పాపం వల్ల ఎండిందో తేల్చాలని పట్టుపట్టారు.

సరిగ్గా అప్పుడే నక్క జోగయ్య మధ్యవర్తినంటూ వచ్చాడు. అందరూ ఒకేసారి చెలమ దగ్గర చేరబట్టే తగవులు వస్తున్నాయని, వంతులు పెట్టుకోమని సలహా ఇచ్చాడు. పొద్దున గొర్రెలు, మధ్యాహ్నం నెమళ్ళు, సాయంత్రం ముళ్ళపందులు. ఒకరి వంతులో ఇంకొకరు ఆ దరిదాపుల్లో కనబడకూడదు. మాట బాగానే ఉందని అందరూ ఒప్పుకున్నారు.

"మరి నా వంతెప్పుడు?" అని మైలడు అడిగాడు.

"నువ్వు ఎవరి వైపు మైలన్నా? కాపరి వైపా, తల్లి వైపా, ఎవరూ లేరనే వైపా?"

మైలడు చాలాసేపు ఆలోచించి, "తెలీదు" అన్నాడు.

"తేల్చుకుని రా. అప్పుడిస్తాను" అన్నాడు జోగయ్య.

నాలుగు రోజులు మైలడు కలబంద మట్టలు నమిలి నాలుక తడుపుకున్నాడు. ఎటు చేరాలో తెలుసుకుందామని ముగ్గురి దగ్గరికీ తిరిగాడు. తిప్పమ్మ ఏడుస్తోంది. రోజూ తాము సగమే తాగి వస్తున్నామని, దాహంతో ఉన్నవాడికి వాటా మిగల్చమన్నది కాపరి ఆజ్ఞ అని చెప్పింది. అయినా పొద్దున వెళ్తే అడుగున కాసిని బురదనీళ్ళే ఉంటున్నాయట. దేవుడంటే భయం లేని ముళ్ళపందులు నాకేసి పోతున్నాయని జోగయ్య చెప్పాడట. ఆమె మనవరాలు, నెలన్నర పిల్ల, లేచి నిలబడలేక పక్కనే పడుకుని ఉంది.

సింగారయ్య కూడా తాము సగమే తాగుతున్నామన్నాడు. చివరి గుక్క తాగినవాడిని మబ్బుల తల్లి క్షమించదట. వాళ్ళకూ బురదనీళ్ళే దొరుకుతున్నాయి, గొర్రెల ఆశపోతుతనం వల్లేనని జోగయ్య చెప్పాడట. బుడ్డయ్య అయితే తానెందుకు సగం వదులుతున్నాడో చెప్పడానికే ఇష్టపడలేదు. "ఎండిన గొంతు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇంకో కారణం కావాలా?" అన్నాడు. తమకు మాత్రం బురదనీళ్ళే మిగులుతున్నాయట, నెమళ్ళు పూజలంటూ తోడేస్తున్నాయట. అదీ జోగయ్య చెప్పిందే.

మైలడి తల మరీ తిరిగిపోయింది. ముగ్గురూ సగం వదిలామంటున్నారు. ముగ్గురికీ బురదనీళ్ళే దొరుకుతున్నాయి. ముగ్గురి కళ్ళలోనూ అబద్ధం కనిపించలేదు. ఎవరి వైపు చేరాలో తేలకపోగా, ఎవరు దొంగో కూడా తెలియకుండా పోయింది. మరునాడు పొద్దున ఇక కాళ్ళీడ్చుకుంటూ చెలమకే వెళ్ళాడు. గొర్రెలు అప్పుడే వెళ్ళిపోయాయి. గుంటలో వాళ్ళు వదిలిన సగం నీళ్ళున్నాయి. తనకు వంతు లేదు కాబట్టి మైలడు తాగలేదు. ఏం చేయాలో తోచక గుంటకు అడ్డంగా, ఇసుకలో పడుకున్నాడు.

కాసేపటికి జోగయ్య వచ్చాడు. వెనక ఎనిమిది నక్కలు, అత్తారి వైపు చుట్టాలు, నాలుకలు వేలాడేసుకుని వచ్చాయి. మైలణ్ణి చూసి ఆగిపోయాయి.

"ఇక్కడేం చేస్తున్నావు మైలన్నా? ఇది నీ వంతు కాదు."

"నా వంతు ఏదో తెలీదు జోగయ్యా. అందుకని అన్ని వంతులకూ ఇక్కడే ఉండిపోదామనుకుంటున్నాను."

"ఏ నమ్మకమూ లేనివాడు బుడ్డయ్యతో సాయంత్రం రావాలి."

"నమ్మకం లేదని కూడా గట్టిగా చెప్పలేను" అన్నాడు మైలడు. "మరి నీ చుట్టాలది ఏ వంతు?"

జోగయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. బెదిరిద్దామంటే మైలడి కొమ్ములు ఇంకా గట్టిగానే ఉన్నాయి. చుట్టాలు గొణుక్కుంటూ గట్టెక్కి పొదల చాటున కూర్చున్నాయి.

మధ్యాహ్నం నెమళ్ళు వచ్చి గుంటలో నీళ్ళు చూసి నిలబడిపోయాయి. ఇవి గొర్రెలు వదిలినవని మైలడు చెప్పాడు. సింగారయ్య కాసేపు నమ్మలేదు. తర్వాత సగం తాగి, సగం వదిలి, పక్కన నిలబడ్డాడు. సాయంత్రం వచ్చిన బుడ్డయ్య నెమళ్ళు వదిలిన నీళ్ళు చూశాడు. గట్టు మీది నక్కలనూ చూశాడు. అతనికి రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది. తన గుంపును ముళ్ళు నిక్కబొడుచుకుని గుంట చుట్టూ నిలబడమన్నాడు. లేవలేని గొర్రెపిల్ల సంగతి మైలడు చెప్పగానే, వెళ్ళి దాన్ని తెమ్మన్నాడు.

మైలడు పిల్లను వీపు మీద మోసుకొచ్చాడు. వెనకే గొర్రెలన్నీ వచ్చాయి. పిల్ల ముందు తాగింది. తర్వాత బుడ్డయ్య పక్కకు జరిగి, మైలణ్ణి తాగమన్నాడు. నాలుగు రోజుల తర్వాత మొదటి గుక్క గొంతు దిగుతుంటే మైలడి కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఇది కాపరి దయ" అంది తిప్పమ్మ, పిల్లను నాకుతూ. తల్లి చలవ అన్నాడు సింగారయ్య. మనమంతా తలా సగం వదలడం వల్ల, అంతే, అన్నాడు బుడ్డయ్య. మళ్ళీ తగవు మొదలైంది గాని, ఈసారి ఎవరూ గుంట దగ్గరనుంచి కదల్లేదు. ఎవరి మాట నిజమో నువ్వే చెప్పమని ముగ్గురూ మైలణ్ణి అడిగారు.

"నాకు ఇప్పటికీ తెలీదు" అన్నాడు మైలడు. "కాని రేపట్నుంచి అందరం ఒకే వేళకు వద్దాం."

గట్టు మీద చుట్టాలకు ఓపిక నశించింది. వంతుకూ వంతుకూ మధ్య రోజూ నీళ్ళిప్పిస్తానన్నావు, నాలుగు రోజులాగితే పడిపోయిన గొర్రెపిల్లలు కూడా దొరుకుతాయన్నావు, ఏవీ అని జోగయ్య మీద పడ్డాయి. చెవి చిరిగి, తోక సగం ఊడి, అతను పొదల్లోంచి పరుగెత్తడం అందరూ చూశారు. మళ్ళీ ఎర్రవాగు వైపు రాలేదు.

మంచి ఎందుకు చేస్తున్నామో ఒకరితో ఒకరికి కుదరకపోయినా, చేసే మంచి ఒకటే అయినప్పుడు కలిసి నిలబడాలి. లేకపోతే మధ్యలో నక్క తాగిపోతుంది.