మసి పూయని గ్రంథం

విద్యాపీఠంలో పండితులు తాటాకుల మీద గంటంతో రాస్తే, అక్షరాలు కనబడేలా మసి పూసేది నూకాలు. ఆ గ్రంథాలన్నీ అధికారి భీమశంకరుడు పెట్టెలో పడేసి తాళం వేసేవాడు. విద్యార్థులు కాళ్ళావేళ్ళా పడ్డా, గ్రంథమన్నది పెట్టెలోకే పోవాలంటూ చూపించేవాడు కాదు. నూకాలుకి ఒళ్ళు మండేది.

ఒకనాడు ఆయనే ఒక గ్రంథం రాశాడు. నూకాలు పట్టుగుడ్డలో చుట్టి ఇస్తే, నిండు సభలో రాజుగారికి సమర్పించాడు. రాజుగారు ఆకులన్నీ తిరగేశారు. ఒక్క అక్షరం కనబడలేదు!

"మసి ఏదే?" భీమశంకరుడు గావుకేక పెట్టాడు.

"గ్రంథమన్నది పెట్టెలోకే పోవాలని తమరే అన్నారు కదా, బాబయ్యా! ఎవరూ చదవనిదానికి మసి దండగని మానేశాను."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వి, తాళాలన్నీ తీయించారు. విద్యార్థులు ఎగబడి నకళ్ళు రాసుకుని, మసి పూసుకున్నారు. సాయంత్రానికి అందరికీ చేతులు నల్లబడ్డాయి. భీమశంకరుడికి మాత్రం మొహం.