పైడయ్య చూపించిన తుప్పు

విజయనగరం కంటోన్మెంటులో భానోజీరావు అనే ఆసామి ఉండేవాడు. ఎవరైనా ఒక లోపం చూపిస్తే లోపం సంగతి వదిలేసి, చూపించినవాడి మీద విరుచుకుపడేవాడు.

ఆయన దగ్గర తండ్రి కొన్న పాత స్పోర్ట్స్ కారు ఉండేది. ఎర్రది, రెండే సీట్లు, పైన కప్పు లేదు. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఇంజను పోతే మరొకటి దొరకదు. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంజనును కంటికి రెప్పలా చూసుకున్నవాడు మెకానిక్ పైడయ్య. తండ్రి పోయేముందు కారు తాళాలు కొడుకు చేతిలో పెట్టి, దీని సంగతి పైడయ్యకే తెలుసు, అతను చెప్పినట్టు విను అని మరీ మరీ చెప్పాడు. విన్నాడా? వింటే ఈ కథ చెప్పే పనే లేదు.

ఒకరోజు కారు మిట్ట ఎక్కుతూ ఆగిపోయింది. కాసేపు వదిలేస్తే కదిలింది, మళ్ళీ ఆగింది. పైడయ్య బంగళాకు వచ్చి పెట్రోలు గొట్టం మధ్యలో ఉండే ఫిల్టరు మార్చాడు. పెట్రోలులోని నలకలు ఇంజనులోకి పోకుండా పట్టి ఉంచేది అదే. రెండు రోజులకే ఆ కొత్తదీ పూడుకుపోయింది. పైడయ్య దాన్ని విప్పి తెల్లగుడ్డ మీద తట్టాడు. ఎర్రటి తుప్పు పొడి రాలింది.

"టాంకీ లోపలంతా తుప్పట్టీసింది బాబూ. ఎన్ని ఫిల్టర్లు మార్సినా ఇంతే. టాంకీ దించి కడగాలి, నాలుగు రోజులు పడతాది," అన్నాడు.

ఆ ఆదివారమే భీమిలికి పాత కార్ల ఊరేగింపు. అందరికంటే ముందు నడవాల్సింది భానోజీరావు కారు. ఊరంతా చాటుకున్నాడు కూడా. ఇంకా మూడు రోజులే ఉన్నాయి. ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మా నాన్న పోయాక నీకు దొంగబుద్ధి పుట్టిందయ్యా. నకిలీ ఫిల్టర్లు వేసి, లేని రోగాలు అంటగడుతున్నావు," అని గేటు దగ్గర పదిమంది వింటుండగా అరిచాడు.

ముప్పై ఏళ్ళు ఆ ఇంటికి నమ్మకంగా పనిచేసినవాణ్ణి దొంగ అన్నాడు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పైడయ్య పళ్ళు బిగబట్టి సామాను సర్దుకున్నాడు. కారును మాత్రం ఇలా రోడ్డెక్కించొద్దని చెప్పి వెళ్ళిపోయాడు.

గుడ్డ మీద తుప్పు తానూ చూశానని భార్య సుభద్ర చెప్పబోయింది. ఆవిడకూ తిట్లే దక్కాయి. తర్వాత ఆ మహానుభావుడు ఏం చేశాడంటే, అడ్డుపడుతున్నది ఇదేనంటూ ఫిల్టరును గోడ అవతలికి విసిరేసి, ఆ చోట రబ్బరు గొట్టం ముక్క తగిలించాడు. కారు జోరుగా పరుగెత్తింది. అంతటితో ఊరుకున్నాడా? పైడయ్య షెడ్డు ముందు మూడుసార్లు హారన్ కొట్టుకుంటూ తిరిగాడు. పైడయ్య తలెత్తలేదు. నేను అక్కడ ఉంటే ఏమనేవాణ్ణో పిల్లల ముందు చెప్పలేను.

ఆదివారం చిట్టివలస దాటాక సుభద్రకు పెట్రోలు వాసన వచ్చింది. ఆపి చూడమంది. ఆయన వినలేదు. మళ్ళీ చెప్పింది.

"ఇంకొక్క మాట మాట్లాడితే దించేస్తాను," అన్నాడు.

"దించేయండి," అంది సుభద్ర. ఆవిడకూ కోపం వచ్చింది మరి.

ఆయన విసురుగా బ్రేకు వేశాడు. ఆవిడ దిగింది. రోడ్డు మీద నిలబెట్టి అరవడానికి ఆయనా దిగాడు. సరిగ్గా అప్పుడే బానెట్టు కింద భగ్గుమంది. అడ్డు లేని తుప్పు నేరుగా పోయి, ఇంజనుకు పెట్రోలు అందించేచోట ఉండే చిన్న మూత మూసుకోకుండా ఇరుక్కుంది. పెట్రోలు పొంగి, వేడెక్కిన పొగగొట్టం మీద పడింది. వెనక కార్లవాళ్ళు దిగి ఇసుక పోశారు. అప్పటికే ఆలస్యమైపోయింది. ఇంజను ఇక పనికిరాకుండా మాడిపోయింది.

మర్నాడు ఆ మిగిలిన ఇనుమును లారీలో వేయించుకుని భానోజీరావు షెడ్డుకు వెళ్ళాడు. ఏమైనా చేయగలవా అని మెల్లగా అడిగాడు. పైడయ్య తల వంచి, మసిబారిన ఇంజనును చేత్తో తడిమాడు. తల ఎత్తేసరికి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"నన్ను దొంగన్నారు, ఓర్సుకున్నాను. ఇది మీ నాన్నగారు నా సేతిలో ఎట్టిన ఇంజను. దీన్నెందుకు సంపీసారు?"

పైడయ్య లోపలికి పోయి షెడ్డు తలుపు వేసుకున్నాడు. ఆ తలుపు భానోజీరావు కోసం మళ్ళీ తెరుచుకోలేదు.

నీతి: లోపం చూపించినవాళ్ళ మీద మండిపడితే లోపం పోదు, చూపించేవాళ్ళు పోతారు, వాళ్ళ వెనకే మనం ప్రాణంగా చూసుకున్నదీ పోతుంది.