కుడికాలి కొలత

చేసిన పనే మళ్లీ చేయడమంటే నీలవేణికి చిరాకు. నరసరావుపేటలో, షుగరు వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లకు చెప్పులు కుట్టే చిన్న కార్ఖానాలో, కరీముల్లా మాస్టారి దగ్గర ఆమె పని నేర్చుకుంటోంది. మాస్టారిది ముప్ఫై ఏళ్ల చేతిపని. కంప్యూటర్లో క్యాడ్ బొమ్మలు గీయడం మాత్రం ఆమెకే వచ్చు. ఆ సంగతి ఆమె ఎవరినీ మరిచిపోనిచ్చేది కాదు.

"ఎడమ పాదం ఒక్కటి గీస్తే చాలు మాస్టారూ" అంటూ ఓ రోజు బసవయ్య చెప్పుల బొమ్మ చూపించింది. "మధ్యలో గీత పెట్టి మిర్రర్ కొడితే కుడిది దానంతటదే వస్తుంది. ఇటు చుక్క కదిపితే అటు చుక్కా కదిలేలా కన్‌స్ట్రెయింట్లు బిగించాను. వెంట్రుకవాసి తేడా రాదు."

బసవయ్య జిన్నింగు మిల్లులో పత్తి బేళ్లు మోసిన మనిషి. బస్సుకు తొందరపడుతున్నాడని ఎడమ పాదం మాత్రం కొలిచి పంపేసింది. తోలు కోస్తున్న మాస్టారు తలెత్తి బొమ్మ చూసి, సరేనన్నాడు.

నాలుగు నెలలకు బసవయ్య చేతికర్ర ఊతంతో వచ్చి బల్లమీద కూర్చున్నాడు. కుడికాలికి చిటికెనవేలు లేదు. ఎప్పుడో మిల్లులో బేలు మీద పడి ఆ పాదం కాస్త వెడల్పయింది. చెప్పు అంచు ఆ వేలిని రోజూ ఒరుసుకుంటూ వచ్చింది. చీము పట్టేదాకా ఆయనకు తెలియలేదు. డాక్టర్లు వేలు తీసేశారు.

"బిగుతుగా ఉందని ఒక్క మాట చెప్పలేదేం బాబాయ్?"

"తెలిస్తేగా అమ్మాయ్. బాగానే ఉన్నాయనుకున్నా" అన్నాడు బసవయ్య, తప్పేదో తనే చేసినట్టు.

నీలవేణి మొహం ఎత్తలేకపోయింది. వెళ్లి కంప్యూటర్లో పాత బొమ్మ తెరిచింది. కుడి చెప్పు అంచును బయటికి జరిపింది. దాంతోపాటు ఎడమ చెప్పు అంచూ జరిగింది. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ అంతే. ఏ బిగింపు చూసుకుని అంత మురిసిపోయిందో అదే ఇప్పుడు ఆమెకు అడ్డొచ్చింది.

మాస్టారు ఆమెను పిలిచాడు. సిరాలో తడిపిన గుడ్డమీద నిలబడమన్నాడు. తర్వాత నేలమీద పరిచిన తెల్లకాగితం మీదికి రమ్మన్నాడు. రెండు పాదాల ముద్రలూ పడ్డాక కాగితాన్ని సరిగ్గా మధ్యకు మడిచి, కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు.

మడమలు కలిశాయి. వేళ్లు కలవలేదు. రోగం రొష్టు ఎరగని ఇరవై నాలుగేళ్ల పాదాలు.

నీలవేణి వంగి తన కాళ్ల వంక చూసుకుంది.

"ఆరోజే నీచేత ఇది చేయించాల్సింది" అన్నాడు మాస్టారు. "పని తొందరగా తెములుతోందని నాకూ బాగానే ఉండింది."

నీలవేణి వెళ్లి ఆ కన్‌స్ట్రెయింట్లన్నీ ఒక్కొక్కటిగా తీసేసింది. టేపు పట్టుకొచ్చి బసవయ్య ముందు నేలమీద కూర్చుంది. ఆయన ఎడమకాలు చాపాడు.

"కుడిది ముందు, బాబాయ్."

బసవయ్య కుడికాలిని బల్లకిందికి లాక్కున్నాడు. "దాంట్లో ఇంక కొలవడానికేముందమ్మాయ్?"

ఆమె టేపు విప్పి పట్టుకుంది.

"నాలుగు వేళ్లున్నాయి బసవయ్యా" అన్నాడు మాస్టారు. "చాపు."