రెండు పచ్చని మంటలు

"ఆ అమ్మాయైనా ఉండాలి, నేనైనా ఉండాలి సార్" అంటూ మస్తాన్ వలీ ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. పరిశోధన మానేస్తున్నానని అందులో రాసుంది.

కరుణాకరం గారు బోరాన్‌తో కొత్త అణువులు తయారుచేసే రసాయన శాస్త్రవేత్త. మస్తాన్ ఐదేళ్లుగా ఆయన శిష్యుడు. ఆ ప్రయోగశాలలో మస్తాన్ చేతికి తిరుగులేదు. ఆ సంగతి అందరికన్నా మస్తాన్‌కే బాగా తెలుసు. అలాంటివాడి బల్ల మీంచి నాలుగు నెలల్లో మూడు ఫ్లాస్కులు కిందపడి పగిలాయి. అందులో ఒకదాంట్లో ఉన్నది గాలి తగిలితే చాలు భగ్గుమనే బోరాన్ ద్రవం. నేల మాడింది గానీ మనుషులకేమీ కాలేదు, అదే పదివేలు.

"పెట్టిన చోట నా ఫ్లాస్కు ఉండట్లేదు సార్. హైమవతే జరుపుతోంది. నేనంటే కడుపుమంట."

హైమవతి అతనికన్నా మూడేళ్లు జూనియర్. గుమ్మం దగ్గరే నిలబడి అంతా వింది.

కరుణాకరం గారు కాగితం ముట్టుకోలేదు.

"కూర్చో. కళ్లు మూసుకో."

కిటికీలకి తెరలు వేశారు. రెండు పింగాణీ గిన్నెల్లో చిటికెడు బోరిక్ ఆమ్లం వేసి, కాస్త మిథనాల్ పోసి, మస్తాన్‌కి అటొకటి ఇటొకటి పెట్టి వెలిగించారు. బోరాన్ ఉంటే మంట ఆకుపచ్చగా వస్తుంది. కొత్తగా చేరినవాళ్లకి ఆయన నేర్పే మొదటి పాఠం అది.

"ఇప్పుడు కళ్లు తెరువు. చూపు తిప్పకుండా నా ముక్కునే చూడు. మంటలెన్ని?"

ఇదేం చిన్నపిల్లల ఆట అని మస్తాన్‌కి చిరాకేసింది. "మీరింకా వెలిగించలేదుగా సార్!"

"తల తిప్పు" అన్నారాయన మెల్లగా.

కుడివైపు తిప్పాడు. పచ్చని మంట. ఎడమవైపు తిప్పాడు. అక్కడా మంట. మళ్లీ ఎదురుగా చూశాడు. రెండూ మాయం.

"మరి నా ఫ్లాస్కులు..."

"నేనే జరిపానన్నయ్యా" అంది హైమవతి. "మీరు అంచున పెట్టేస్తున్నారు. మోచెయ్యి తగులుతుందని లోపలికి జరిపేదాన్ని. ఆ మూడూ నేను లేనప్పుడు పడ్డవే. పక్కన నిలబడి పిలిచినా మీరు చూడట్లేదని నిన్ననే సార్‌తో చెప్పాను."

ఆ మధ్యాహ్నమే గురువు గారు అతన్ని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లారు. మెదడు అడుగున, పిట్యూటరీ గ్రంథి దగ్గర, ద్రాక్షపండంత గడ్డ. రెండు కళ్ల నరాలూ కలిసే చోటు మీద ఒత్తుతోంది. అందుకే ఎదురుగా ఉన్నది కనబడుతూ, పక్కలున్నవి కనబడకుండా పోయాయి. ఇంకొన్నాళ్లు ఆగితే ఉన్న చూపూ దక్కేది కాదన్నారు డాక్టర్లు. ముక్కులోంచే ఆపరేషన్ చేసి గడ్డ తీసేశారు. చూపు కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది.

మూడు నెలల తర్వాత మస్తాన్ శాలువా పట్టుకుని ప్రయోగశాలకి వచ్చాడు. గురువు గారి కాళ్ల మీద పడి ఏడ్చాడు.

"మా అమ్మ జన్మనిచ్చింది, మీరు చూపిచ్చారు సార్. చచ్చేదాకా మర్చిపోను."

ఆయన అతన్ని లేవదీశారు. కళ్లు తుడుచుకోమన్నారు. శాలువా మాత్రం అందుకోలేదు.

"నేను నీకు ఎప్పుడూ కనబడుతూనే ఉన్నానురా" అన్నారు.

మస్తాన్ శాలువాతో అలాగే నిలబడిపోయాడు. కుడి పక్కన, కుళాయి దగ్గర, హైమవతి గాజు సామాను కడుగుతోంది. తల తిప్పకుండానే ఆమె కనబడింది. మస్తాన్ అటు నడిచాడు.