రవ్వ కట్టిన చుక్క

మూడు మండలాల్లో టైఫాయిడ్‌ని తనంత వేగంగా పట్టేవాడు లేడని, జామివలస సంతవీధిలో రక్తపరీక్షల గది నడిపే గవర్రాజు ఎవరూ అడక్కపోయినా చెబుతూ ఉండేవాడు. ఆ మూడు మండలాల్లో అలాంటి గది తనదొక్కటేనని కూడా వెంటనే తనే ఒప్పుకునేవాడు. మంచివాడే. తొందర ఒక్కటే అతని జబ్బు, దానికి మాత్రం ఏ పరీక్షా లేదు.

అతని పని చూడ్డానికి ముచ్చటగా ఉండేది. రక్తం పేరుకున్నాక పైన తేరిన నీటిని ఒక చుక్క తెల్లటి పలక మీద వేసేవాడు. దాంట్లో ఒక మందు చుక్క వేసి, పుల్లతో కలిపి, పలకని అటూ ఇటూ ఊపేవాడు. చుక్క పాలలా నున్నగా ఉంటే ఏమీ లేనట్టు. రవ్వ కట్టిందా, టైఫాయిడ్. జ్వరం వచ్చిన రెండో రోజుకే ఊళ్లో జనం డాక్టరు గడప తొక్కకుండా నేరుగా ఆ పలక దగ్గరకే వచ్చేవారు. అతనిచ్చిన కాగితం పట్టుకుని మందుల షాపుకి, అక్కడి నుంచి జావ తాగడానికి ఇంటికి వెళ్లేవారు.

ఒక వానాకాలం ఉదయం, ఇడ్లీలు అమ్మే పోలమ్మ తన తొమ్మిదేళ్ల కూతురు మంగని తీసుకొచ్చింది. నాలుగు రోజులుగా పిల్లకి జ్వరం. కాసేపు చలితో పళ్లు టకటకలాడతాయి, కాసేపటికి ఒళ్లంతా చెమటలు. ఇదంతా పోలమ్మ చెబుతూనే ఉంది. గవర్రాజు పలక ఊపుతూనే ఉన్నాడు.

"నీ ఇడ్లీరవ్వ కన్నా బాగుంది పోలమ్మా. టైఫాయిడే," అన్నాడు.

మంగ మాత్రలు మింగింది, జావ తాగింది. జ్వరం మాత్రం తగ్గలేదు. ఇంకో నాలుగు రోజులకి పిల్ల లేచి నిలబడలేకపోయింది. కళ్లు పచ్చబడ్డాయి. పోలమ్మ భుజాన వేసుకుని సర్కారు ఆసుపత్రికి పరిగెత్తింది. అక్కడి డాక్టరు సుభాషిణి గారు ఆ కాగితం చూసి గవర్రాజుని పిలిపించారు. దాన్ని నమ్మి టైఫాయిడ్ మందే పెంచాలా, ఇంకో జబ్బు కోసం వెతకాలా అన్నది ఆవిడ సందేహం. దారి తప్పితే పిల్ల దక్కేలా లేదు.

"జ్వరం లేనివాళ్ల రక్తం ఎప్పుడైనా ఈ పలక మీద వేసి చూశావా?" అని అడిగారు.

గవర్రాజు మంగ వైపు చూశాడు.

"చూశానండీ. కిందటేడు, నాదే."

"ఏమైంది?"

"రవ్వ కట్టిందండీ."

ఆవిడ వెంటనే మంగ వేలి నుంచి ఒక చుక్క రక్తం తీసి, గాజు ముక్క మీద పూసి, రంగు వేసి చూడమని అతని చేతికే ఇచ్చారు. ఈసారి గవర్రాజు తొందరపడలేదు. మైక్రోస్కోపులో ఒకటికి రెండుసార్లు చూశాడు. మలేరియా. ఆ పూటే సరైన మందు పడింది. పది రోజులు తిరిగేసరికి మంగ ఇడ్లీలోకి కారప్పొడి కావాలని పేచీ పెట్టింది.

మరి మలేరియా అయితే చుక్క రవ్వ ఎందుకు కట్టినట్టు? ఈ ప్రశ్న గవర్రాజుని కుదురుగా కూర్చోనివ్వలేదు. వెళ్లి డాక్టరుగారినే అడిగేశాడు. ఈ ఊరి నీళ్లు తాగేవాళ్లలో చాలామందికి టైఫాయిడ్ క్రిమి ఎప్పుడో తగిలే ఉంటుందని, ఒంట్లో మిగిలిపోయిన దాని జ్ఞాపకానికే చుక్క రవ్వ కడుతుందని ఆవిడ చెప్పారు. వేరే జ్వరాలకీ ఒక్కోసారి రవ్వ కడుతుందట. ఇవాళ్టి జ్వరం టైఫాయిడో కాదో తెలియాలంటే, మాత్ర మింగకముందే సీసాలో రక్తం పట్టి, క్రిమి పెరుగుతుందేమోనని కొన్ని రోజులు ఓపిగ్గా చూడాలట.

గవర్రాజు ఆ సంగతంతా పోలమ్మకి పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆమె ఇడ్లీ పాత్ర మూత తీస్తూ, "అయితే కిందటేడు నీ చుక్క రవ్వ కట్టినప్పుడు నువ్వేం చేశావు బాబూ?" అంది.

"ఒళ్లు వెచ్చబడనైనా లేదు. అయినా పది రోజులు మాత్రలు మింగి, జావ తాగుతూ, దుప్పటి కప్పుకుని పడుకున్నాను," అన్నాడు గవర్రాజు.

నీతి: తొందరగా దొరికిన జవాబుని నిజమని నమ్మేయకూడదు, అనుమానం వస్తే సిగ్గుపడి దాచుకోకుండా అడిగి తెలుసుకోవాలి.